సముద్రపు గుల్లల్లో వాన లెక్క

రోహిణి కార్తె పోయింది. మృగశిర వచ్చింది. ఆరుద్ర కూడా దాటిపోతోంది. పొద్దున మోడం పడుతుంది. సాయంత్రానికి గాలి దాన్ని తరిమేస్తుంది. విత్తనాల మూట ఇంట్లోనే ఉంటుంది.

కర్నూలు, కడప పల్లెల్లో ఉన్నవాళ్ళకు ఈ బాధ కొత్తది కాదు.

ఒక ఊళ్ళో సాయంత్రం చదువుల కేంద్రంలో వానల గురించి మాట వచ్చింది. ఒక అవ్వ ఇలా అడిగింది:

"నాయనా, ఈ కరువు మన సీమకు ఎప్పటి నుంచి ఉండాది? మా అవ్వ ధాత కరువు అని చెప్పేది. దానికి ముందు ఎట్లుండేదో ఎవరికన్నా తెలుసునా?"

మంచి ప్రశ్న. ధాత కరువు 1876 నుంచి 1878 దాకా వచ్చింది. ధాత నామ సంవత్సరంలో మొదలైంది కాబట్టి జనం దానికి ఆ పేరు పెట్టారు. కర్నూలు, కడప, బళ్ళారి జిల్లాల్లో లెక్కలేనంత మంది చచ్చిపోయారు. మన దేశంలో వాతావరణ శాఖ ఏర్పడింది 1875లో. అంటే దేశమంతటా వానను ఒక పద్ధతిగా కొలిచి రాయడం మొదలై నూట యాభై ఏళ్ళే అయింది.

అంతకు ముందు వెయ్యేళ్ళ కింద వాన ఎట్లా ఉండేది? పదివేల ఏళ్ళ కింద ఎట్లా ఉండేది? అప్పుడు కొలిచినవాళ్ళు లేరు. రాసినవాళ్ళు లేరు.

కానీ ఒక చోట ఆ లెక్క ఉంది. అది బంగాళాఖాతం అడుగున, బురదలో ఉంది. కంటికి సరిగా ఆనని చిన్న చిన్న గుల్లల్లో ఉంది. ఆ లెక్కను ఎట్లా చదువుతారో ఇప్పుడు తెలుసుకుందాం.

మన వానకు, సముద్రానికి ఏం సంబంధం?

"మనకు సముద్రం యాడో దూరం. మన వాన లెక్క అక్కడెందుకు ఉంటుంది?" అని మీరు అడగవచ్చు.

మీ ఊరి వంకలో పారిన నీళ్ళు ఎక్కడికి పోతాయి? వంక వాగులో కలుస్తుంది. వాగు ఏటిలో కలుస్తుంది. హంద్రి కర్నూలు దగ్గర తుంగభద్రలో కలుస్తుంది. తుంగభద్ర కృష్ణలో కలుస్తుంది. కుందూ, పాపాఘ్ని, చిత్రావతి, చెయ్యేరు పెన్నలో కలుస్తాయి. కృష్ణ, పెన్న రెండూ పోయి బంగాళాఖాతంలో పడతాయి. గోదావరి, మహానది, గంగ కూడా అందులోకే చేరతాయి.

ఏటి నీళ్ళు మంచినీళ్ళు. సముద్రం నీళ్ళు ఉప్పు నీళ్ళు. ఉప్పు నీళ్ళ కన్నా మంచినీళ్ళు తేలిక. అందుకే వరద నీళ్ళు సముద్రం మీద పైపొరగా పరుచుకుంటాయి.

వానలు బాగా పడిన కాలంలో పైపొరలో ఉప్పు తగ్గుతుంది. వానలు ముఖం చాటేసిన కాలంలో ఉప్పు పెరుగుతుంది. అంటే మన నేల మీద వాన ఎంత పడిందో సముద్రం పైనీళ్ళకు తెలుస్తుంది. ఆ పైనీళ్ళలో బతికే ఒక చిన్న జీవి దాన్ని తన గుల్లలో దాచి పెడుతుంది.

ఎవరీ చిన్న జీవి?

దాని పేరు ఫొరామినిఫెరా. పలకడానికి కొంచెం కష్టమే. ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదవండి: ఫొ-రా-మి-ని-ఫె-రా. చిల్లులు గలది అని ఆ పేరుకు అర్థం. దాని గుల్ల నిండా సన్న సన్న చిల్లులు ఉంటాయి.

మన ఒంట్లో కోట్ల కోట్ల కణాలు ఉన్నాయి. ఈ జీవి ఒళ్ళంతా కలిపి ఒకే ఒక్క కణం. దానికి కళ్ళు లేవు, కాళ్ళు లేవు. అయినా తన చుట్టూ గట్టి గుల్ల కట్టుకుంటుంది. గుల్ల సైజు బొంబాయి రవ్వ పలుకంత ఉంటుంది. చాలావాటివి అంతకన్నా చిన్నవే.

వీటిలో చాలా రకాలున్నాయి. కొన్ని సముద్రం అడుగున బురదలో బతుకుతాయి. కొన్ని నీళ్ళలో తేలుతూ బతుకుతాయి. మన కథ తేలే రకాల గురించి. వాటిలో ఒకదాని పేరు గ్లోబిజెరినాయిడిస్ రూబర్. ఇది ఎండ తగిలే పైనీళ్ళలోనే ఉంటుంది. కొన్ని వారాలే బతుకుతుంది. ఒక గది కడుతుంది, దాని పక్కన ఇంకో గది కడుతుంది. అట్లా కట్టుకుంటూ పోతుంది. చచ్చిపోయాక దాని గుల్ల మెల్లగా సముద్రం అడుక్కు దిగి బురదలో చేరుతుంది.

దాని మీద ఇంకో గుల్ల, దాని మీద ఏటి మట్టి, మళ్ళీ గుల్లలు పడతాయి. ఇట్లా వేల ఏళ్ళ నుంచి పొర మీద పొర పడుతూనే ఉంది. పై పొర ఈ కాలానిది. కిందికి పోయేకొద్దీ పాత కాలానిది. గాదెలో అడుగున పాత గింజలు, పైన కొత్త గింజలు ఉన్నట్లే ఇది కూడా.

కడప బండ మీద నిమ్మరసం

ఆ గుల్ల దేనితో చేసింది? ఇది మీకు తెలిసిన వస్తువే. సున్నపురాయి దేనితో అయిందో, గుల్ల కూడా దానితోనే అయింది. వెనకట గుల్లలు కాల్చి సున్నం చేసేవాళ్ళు. గుల్ల సున్నం అనే మాట దాని నుంచే వచ్చింది.

మన కడప బండ, బేతంచెర్ల బండ, కొలిమిగుండ్ల నాపరాయి అన్నీ సున్నపురాళ్ళే. వంటింటి గట్టుకు కడప బండ వేసుకున్నవాళ్ళకు ఒక సంగతి తెలుసు. దాని మీద నిమ్మరసం పడితే వెంటనే తుడవాలి. తుడవకపోతే నునుపు పోయి తెల్ల మచ్చ పడుతుంది.

ఎందుకు? పులుపు సున్నపురాయిని తింటుంది. తిన్నప్పుడు ఒక వాయువు బయటికి వస్తుంది. సోడాబుడ్డి కొడితే బుసబుస పొంగే వాయువు ఉంది కదా, అదే ఇది. దాని పేరు కార్బన్ డయాక్సైడ్.

శాస్త్రవేత్తలు గుల్లలతో చేసే పని కూడా ఇదే. కొన్ని గుల్లలను చిన్న గాజు సీసాలో వేస్తారు. దాని మీద ఘాటైన ఆమ్లం చుక్క వేస్తారు. గుల్ల కరిగి వాయువు వస్తుంది. ఆ వాయువును ఒక మిషను లోపలికి పంపుతారు. ఆ వాయువులో ఆక్సిజన్ ఉంటుంది. ఆ ఆక్సిజన్ ఒకప్పుడు సముద్రం నీటిలోది. వాన కథ అంతా ఆ ఆక్సిజన్‌లోనే ఉంది.

తేలిక నీళ్ళు, బరువు నీళ్ళు

నీళ్ళలో రెండు వస్తువులు కలిసి ఉంటాయి. ఒకటి హైడ్రోజన్. రెండోది ఆక్సిజన్. ఆక్సిజన్‌నే మనం ప్రాణవాయువు అంటాం.

ఆక్సిజన్ కణాలన్నీ ఒకే బరువు ఉండవు. ఎక్కువ భాగం తేలిక కణాలు. వాటి బరువు 16 పాళ్ళు అనుకుంటే, కొన్ని కణాల బరువు 18 పాళ్ళు ఉంటుంది. వెయ్యి కణాలు తీసుకుంటే అందులో బరువైనవి రెండు మాత్రమే. ఆ రెండింటి లెక్కలోనే మన వాన లెక్క ఉంది.

కళ్ళంలో తూర్పార పట్టడం మీకు తెలుసు. చేట ఎత్తి గాలికి పోస్తాం. పొట్టు తేలిక కాబట్టి దూరంగా పోతుంది. గింజ బరువు కాబట్టి కాళ్ళ దగ్గరే పడుతుంది.

ఎండ కూడా సముద్రాన్ని ఇట్లాగే తూర్పార పడుతుంది. ఎండకు నీళ్ళు ఆవిరై పైకి పోతాయి. తేలిక ఆక్సిజన్ ఉన్న నీళ్ళు సులువుగా లేస్తాయి. బరువు ఆక్సిజన్ ఉన్న నీళ్ళు కొంచెం ఎక్కువగా కిందనే ఉండిపోతాయి. ఆ ఆవిరే మోడమై, వానై మన నేల మీద పడుతుంది.

అందుకే వాన నీళ్ళలో బరువు కణాలు తక్కువ. తేడా చాలా చిన్నది. సముద్రం నీళ్ళలో బరువు కణాలు 1,000 ఉన్నాయనుకోండి. అంతే వాన నీళ్ళలో అవి 995 ఉండవచ్చు. మన తక్కెడకు ఈ తేడా తెలియదు. కానీ ఆ మిషను ఇంతకన్నా చిన్న తేడాను కూడా పట్టేస్తుంది.

ఇప్పుడు లెక్క కలపండి.

వానలు బాగా పడ్డాయి. ఏర్లు నిండుగా పారాయి. సముద్రం పైపొరలో తేలిక నీళ్ళు పెరిగాయి. అప్పుడు కట్టిన గుల్లలో బరువు ఆక్సిజన్ తగ్గింది.

వానలు పడలేదు. ఏర్లు ఎండాయి. ఎండకు సముద్రం ఇంకా ఆవిరైంది. బరువు నీళ్ళు మిగిలాయి. అప్పుడు కట్టిన గుల్లలో బరువు ఆక్సిజన్ పెరిగింది.

గుల్లలోనే ఉన్న థర్మామీటరు

అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది. నీళ్ళు చల్లబడినా గుల్లలో బరువు ఆక్సిజన్ పెరుగుతుంది. మరి గుల్ల బరువు పెరిగింది కరువు వల్లనా, చలి వల్లనా? ఎట్లా తెలుస్తుంది?

దానికి ఇంకో దారి ఉంది. గుల్ల కట్టుకునేటప్పుడు ఆ జీవి నీటిలోని కాల్షియం తీసుకుంటుంది. సున్నంలో ఉండేది కాల్షియమే. దానితో పాటు కొంచెం మెగ్నీషియం కూడా గుల్లలో చేరుతుంది. నీళ్ళు వెచ్చగా ఉంటే మెగ్నీషియం ఎక్కువ చేరుతుంది. చల్లగా ఉంటే తక్కువ చేరుతుంది. ఒక్క డిగ్రీ వేడి పెరిగితే, కాల్షియంతో పోల్చిన మెగ్నీషియం పాలు నూటికి తొమ్మిది వంతుల దాకా పెరుగుతుంది.

కాబట్టి మెగ్నీషియం లెక్క చూస్తే అప్పటి నీళ్ళు ఎంత వెచ్చగా ఉన్నాయో తెలుస్తుంది. ఆక్సిజన్ లెక్కలో నుంచి ఆ చలి వంతు తీసేయాలి.

ఇంకొకటి కూడా తీసేయాలి. సుమారు 21 వేల ఏళ్ళ కింద భూమి ఇప్పటికన్నా చాలా చల్లగా ఉండేది. ఉత్తర దేశాల్లో నేల మీద కొండలంత మంచు పేరింది. ఆ మంచు సముద్రం నుంచి లేచిన తేలిక నీళ్ళతో అయింది. అందువల్ల సముద్రమట్టం ఇప్పటికన్నా సుమారు 120 మీటర్లు కిందికి దిగింది. మిగిలిన సముద్రమంతా కొంచెం బరువెక్కింది. ఆ మంచు వంతు కూడా తీసేస్తే మిగిలేది నీటి ఉప్పు లెక్క. దాని నుంచి వాన లెక్క తేలుతుంది.

మూడు బాకీలు కలిసిపోయిన చిట్టాలో ఏది ఎవరిదో విడదీసినట్లు ఉంటుంది ఈ పని.

గుల్లలోని ఆక్సిజన్‌తో పాత కాలపు వేడిని కొలవవచ్చని 1947లో హెరాల్డ్ యూరీ అనే అమెరికా శాస్త్రవేత్త చెప్పాడు. 1955లో సిజేర్ ఎమిలియాని అనే ఆయన సముద్రపు బురదలోని ఈ చిన్న గుల్లలతో ఆ పని చేసి చూపించాడు.

ఓడ, గొట్టం, కుంచె

పని ఎట్లా జరుగుతుందో చూద్దాం.

ముందు ఓడలో సముద్రం మీదికి పోతారు. పొడవాటి గొట్టాన్ని నీళ్ళలోకి దింపుతారు. అది అడుగున బురదలోకి దిగబడుతుంది. బోరు వేసేటప్పుడు పొర పొరకూ రంగు మారిన మట్టి రావడం మీరు చూసే ఉంటారు. ఇక్కడ ఆ పొరలు చెదిరిపోకుండా గొట్టంలో అట్లాగే పైకి వస్తాయి.

ఆ మట్టి కడ్డీని సన్న బిళ్ళలుగా కోస్తారు. ఒక్కో బిళ్ళను సన్నటి జల్లెడలో నీళ్ళు పోసి కడుగుతారు. ఒండ్రు పోతుంది, గుల్లలు మిగులుతాయి. వాటిని ఆరబెడతారు. సూక్ష్మదర్శిని కింద పెట్టి, తడి కుంచె కొసతో ఒక్కో గుల్లను ఏరతారు. బియ్యంలో రాళ్ళు ఏరినట్లు గంటల కొద్దీ కూర్చోవాలి. కావలసిన రకం ఒక్కటే ఏరాలి. ఇంకో రకం కలిస్తే లెక్క తప్పుతుంది.

ఏ పొర ఏ కాలానిదో ఎట్లా తెలుస్తుంది? గుల్లలో కార్బన్ కూడా ఉంటుంది. అందులో ఒక రకం కార్బన్, జీవి చచ్చాక మెల్లగా తరిగిపోతుంది. 5,730 ఏళ్ళకు సగం అవుతుంది. ఎంత మిగిలిందో చూసి గుల్ల వయసు కడతారు. సుమారు 50 వేల ఏళ్ళ దాకా ఈ పద్ధతి పనికొస్తుంది.

మన దేశంలో ఈ పని చేసేవాళ్ళున్నారు. గోవాలో జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ఉంది. అది 1966లో ఏర్పడింది. విశాఖపట్నంలో కూడా దాని కేంద్రం ఉంది. సముద్ర పరిశోధనకు మన దేశానికి 1983లో వచ్చిన ఓడ పేరు సాగర్ కన్య.

గుల్లలు ఏం చెప్పాయి?

కడప నుంచి తూర్పుకు పోతే నెల్లూరు తీరం వస్తుంది. ఇంకో రెండు వందల కిలోమీటర్లు సముద్రంలోకి పోతే నీళ్ళ లోతు మూడు వేల మీటర్లు దాటుతుంది. అక్కడి అడుగు బురదను సాగర్ కన్య ఓడ మీద తీశారు. పవన్ గోవిల్, దివాకర్ నాయుడు అనే శాస్త్రవేత్తలు అందులోని గుల్లలను పరీక్షించారు. 2011లో ఫలితం ప్రకటించారు. 32 వేల ఏళ్ళ లెక్క అందులో ఉంది. మంచు బాగా పేరిన కాలంలో ఆ నీళ్ళు ఇప్పటికన్నా సుమారు మూడు డిగ్రీలు చల్లగా ఉండేవని తేలింది. సుమారు 17 వేల ఏళ్ళ కింద మొదలై 10 వేల ఏళ్ళ కిందటి దాకా నీళ్ళు వేడెక్కుతూ వచ్చాయి.

రెండో సంగతి మనకు ఇంకా దగ్గరది. 2006లో కృష్ణా గోదావరి తీరం ఎదుట సముద్రంలో గ్యాసు కోసం ఒక ఓడ వెతికింది. అప్పుడు గోదావరి నోటికి ఎదురుగా తీసిన మట్టిని శాస్త్రవేత్తలు పరీక్షించి 2012లో ఫలితం చెప్పారు. వాళ్ళు రెండు సాక్ష్యాలు చూశారు.

ఒక సాక్ష్యం ఆకుల మైనం. ఆకు మీద నీళ్ళు జారిపోయే సన్నటి పూత ఉంటుంది కదా, అదే. ఆ మైనం ఏటిలో కొట్టుకొచ్చి బురదలో చేరుతుంది. చెట్ల మైనం ఒక తీరుగా ఉంటుంది. జొన్న, కొర్ర, సజ్జ లాంటి ఎండకు ఓర్చే గడ్డిజాతి మొక్కల మైనం ఇంకో తీరుగా ఉంటుంది. సుమారు 4 వేల ఏళ్ళ కింద నుంచి ఎండకు ఓర్చే మొక్కలు పెరుగుతూ వచ్చాయని ఆ మైనం చెప్పింది. 1,700 ఏళ్ళ కింద నుంచి అట్లాంటి మొక్కలే నిలబడిపోయాయి.

రెండో సాక్ష్యం మన గుల్లలు. గత 3 వేల ఏళ్ళలో బంగాళాఖాతం నీళ్ళు మాటిమాటికీ బాగా ఉప్పెక్కాయని అవి చెప్పాయి. 1,700 ఏళ్ళ కింద నుంచి అది మరీ ఎక్కువైంది. అంటే పొడి కాలం ఒక్కసారి వచ్చి పోలేదు. పోతూ, మళ్ళీ వస్తూ ఉంది.

ఇది ముఖ్యంగా గోదావరి పారే నేలల లెక్క. మన సీమ లెక్క అచ్చంగా ఇదే అనలేం. కానీ దక్కన్ నేల మెల్లగా ఎండుతూ వచ్చిన కథ ఇందులో కనబడుతుంది.

గుహలో కూడా లెక్క ఉంది

ఆక్సిజన్ లెక్క సముద్రంలోనే కాదు, మన నేల కింద కూడా ఉంది. బెలుం గుహలు మీలో కొందరు చూసి ఉంటారు. పైనుంచి నీటి చుక్కలు పడిన చోట సున్నం పేరి, రాతి మొలకలు పెరుగుతాయి. ఆ చుక్క వాన నీటిదే. కాబట్టి రాతి పొరల్లో వాన గుర్తు ఉంటుంది.

కర్నూలు ప్రాంతంలోని వాల్మీకి గుహ నుంచి తీసిన అట్లాంటి రాతిని పరీక్షించి 2014లో ఫలితం ప్రకటించారు. సుమారు 15 వేల ఏళ్ళ కిందటి ఒక వెయ్యేళ్ళ వాన లెక్క అందులో దొరికింది. ఆ కాలంలో వానలు నిలకడగా లేవని, త్వరత్వరగా మారాయని అది చెప్పింది.

వాన తక్కువైనా కష్టమే, ఎక్కువైనా కష్టమే

2014 చివర, 2015 మొదట్లో ఇంకో పెద్ద ఓడ బంగాళాఖాతం మీదికి వచ్చింది. వేరే వేరే దేశాల వాళ్ళు అందులో ఉన్నారు. మహానది ఎదుట తీసిన మట్టిలో 9 లక్షల ఏళ్ళ వాన లెక్కను చదివి 2021లో చెప్పారు. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగి, భూమి మీద మంచు తగ్గిన కాలాల్లో మన వానాకాలం బలపడిందని తేలింది.

ఇప్పుడు ఆ వాయువును పెంచుతున్నది మనుషులే. బొగ్గు, పెట్రోలు కాల్చడం వల్ల అది పెరుగుతోంది. సముద్రం వేడెక్కుతోంది. వేడి గాలి ఎక్కువ ఆవిరిని పట్టుకుంటుంది. పడితే ఒక్కసారే కుండపోతగా పడుతుంది.

"వాన ఎక్కువైతే మనకు మంచిదే కదా?" అంటారేమో. 2009 అక్టోబరు 2న కర్నూలు ఊరు ఎట్లా మునిగిందో గుర్తు చేసుకోండి. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. కడప జిల్లాలో ఊళ్ళ మీద వరద పడింది. మనుషులు పోయారు, గొడ్లు పోయాయి, పొలాల్లో ఇసుక మేట వేసింది.

సముద్రానికి కూడా ఇదే వర్తిస్తుంది. 2025లో వచ్చిన ఒక పరిశోధన గత 22 వేల ఏళ్ళ గుల్లలను చదివింది. వానలు మరీ తక్కువైన కాలంలో సముద్రంలో జీవాలకు మేత తగ్గింది. వానలు మరీ ఎక్కువైన కాలంలో కూడా తగ్గింది. ఎందుకంటే మంచినీళ్ళు మూతలాగా పైన పరుచుకుంటే అడుగున ఉన్న సత్తువ పైకి రాదు. సత్తువ రాకపోతే చేపకు మేత లేదు.

గుల్ల చెప్పలేని సంగతి

వచ్చే ఏడు వాన పడుతుందా లేదా? గుల్ల చెప్పలేదు.

ధాత కరువు ఏ నెలలో మొదలైంది? అది కూడా చెప్పలేదు. లోతు సముద్రంలో కొన్ని చోట్ల ఒక్క సెంటీమీటరు మట్టి పేరడానికి వందల ఏళ్ళు పడుతుంది. పైగా బురదలోని పురుగులు పొరలను కొంచెం కలిపేస్తాయి. అందుకే ఒక్క ఏడాది లెక్క విడిగా కనబడదు. గుల్లలు చెప్పేది తరతరాల లెక్క.

మరి మనకేం లాభం?

అవ్వ మళ్ళీ అడిగింది: "ఇదంతా బాగానే ఉండాది నాయనా. తెలుసుకుని మనం ఏం చెయ్యల్ల?"

ఒకటి. కరువు మన పాపం వల్ల వచ్చింది కాదు, ఎవరి శాపమూ కాదు. వేల ఏళ్ళ నుంచి వాన పెరుగుతూ తగ్గుతూ వస్తోంది. భూమి సూర్యుడి చుట్టూ తిరిగే తీరులో మెల్లగా వచ్చే మార్పు కూడా దానికి ఒక కారణం. ఇప్పుడు దాని మీద మనుషులు పెంచిన వేడి కూడా కలిసింది.

రెండు. పొడి కాలం వచ్చింది, పోయింది, మళ్ళీ వచ్చింది. కాబట్టి మళ్ళీ వస్తుందనుకుని సిద్ధంగా ఉండాలి. మన పెద్దవాళ్ళు అట్లాగే ఉన్నారు. 2012లో ఆ ఫలితం చెప్పిన శాస్త్రవేత్తలు ఒక మాట అన్నారు. దక్షిణ దేశంలో నీళ్ళు నిలబెట్టే పనులు బాగా పెరగడానికి ఈ నిలకడ లేని వానలే కారణం కావచ్చు అని.

దీనికి మన దగ్గరే ఒక గుర్తు ఉంది. కడప జిల్లా పోరుమామిళ్ళలో పెద్ద చెరువు ఉంది. విజయనగర రాజుల కాలంలో, బుక్కరాయల కొడుకు భాస్కరుడు దాన్ని కట్టించాడు. అక్కడి రాతి మీద 1369 నాటి శాసనం ఉంది. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు లక్షణాలు అందులో చెక్కారు. ఉండకూడని ఆరు దోషాలు కూడా చెక్కారు. కట్టలో నుంచి నీరు ఊరడం ఒక దోషం. చవుడు నేల ఇంకో దోషం. వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ళు పని చేశాయని కూడా ఆ రాయి చెబుతుంది.

సముద్రంలో గుల్ల కరువు లెక్క చెప్పింది. పోరుమామిళ్ళ రాయి దానికి చెయ్యాల్సిన పని చెప్పింది. చెరువు పూడిక తీయడం, వాలుకు అడ్డంగా గట్లు వేయడం, చేలో మట్టి కొట్టుకుపోకుండా చూడడం, కొర్ర, జొన్న లాంటి ఎండకు ఓర్చే పైర్లు వదలకుండా ఉండడం. ఇవి మన చేతిలో ఉన్న పనులు.

మూడు. మనకు రాయడం వచ్చింది కదా. ఇంట్లో ఒక నోటుబుక్కు పెట్టుకోండి. వాన పడిన రోజు తేదీ రాయండి. ఎంత పదును అయిందో రాయండి. విత్తనం ఎప్పుడు వేశారో రాయండి. చెరువులోకి నీళ్ళు ఎప్పుడు వచ్చాయో రాయండి. గుల్లలు చెప్పలేని ఒక్కో ఏడాది లెక్క మీ పుస్తకంలో ఉంటుంది. మీ మనవళ్ళు దాన్ని చదువుతారు.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. మీ ఊరి వంకలో నీళ్ళు ఏ వాగులో, ఏ ఏటిలో కలుస్తాయి? సముద్రం దాకా దారి చెప్పండి.

2. వానలు పడని కాలంలో కట్టిన గుల్లలో ఏ ఆక్సిజన్ పెరుగుతుంది? ఎందుకు?

3. మెగ్నీషియం లెక్క ఎందుకు చూడాలి?

4. మీ ఊరి చెరువును ఎవరు తవ్వించారు? చివరిసారి పూడిక ఎప్పుడు తీశారు? ఊళ్ళో పెద్దవాళ్ళను అడిగి రాసుకోండి.